పొర లేకపోతే ఏటీపీ తయారవదా? క్లాసులో ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న

బయాలజీ మాష్టారు

అందరికీ నమస్కారం. నిన్న క్లాసులో ఒక అమ్మాయి అడిగిన ప్రశ్నకి అక్కడికక్కడ సరైన జవాబు చెప్పలేకపోయాను. రాత్రి కూడా అదే ఆలోచన. అందుకే ఇక్కడ పెడుతున్నాను.

కణశ్వాసక్రియ పాఠం నడుస్తోంది. గ్లైకాలసిస్ అయింది, క్రెబ్స్ వలయం అయింది, ఎలక్ట్రాన్ రవాణా దగ్గరికొచ్చాం. బోర్డు మీద మైటోకాండ్రియా లోపలి త్వచం (పొర) గీసి, అందులో ఎలక్ట్రాన్లని ఒకదాన్నుంచి ఒకటి అందుకునే నాలుగు ప్రోటీన్ సంక్లిష్టాలు, పక్కన ఏటీపీని, అంటే కణం తన పనులకి శక్తి కోసం వాడుకునే అణువుని, తయారుచేసే ఏటీపీ సింథేజ్ అనే ఎంజైమ్ గీశాను. ఆ అమ్మాయి లేచి, "సార్, గ్లైకాలసిస్‌కి పొర అక్కర్లేదు. క్రెబ్స్ వలయంలో ఒక్క ఎంజైమ్ తప్ప మిగతావన్నీ ద్రవంలోనే తేలుతుంటాయన్నారు. మరి దీనికి మాత్రం పొర ఎందుకు? ఈ ప్రోటీన్లన్నీ నీళ్లలో కలిపేసి ఆక్సిజన్ ఇస్తే ఏటీపీ రాదా?" అంది.

"రాదమ్మా, ప్రోటాన్ల ప్రవణత కావాలి" అన్నాను. అది జవాబు కాదని నాకే తెలుస్తోంది. ఆ ప్రవణతే, అంటే పొరకి రెండు పక్కలా ఉండే తేడాయే, ఎందుకు కావాలి అన్నదే కదా ఆమె అడిగింది.

ఇంకో సంగతి. విసరణ, ద్రవాభిసరణ, సక్రియ రవాణా ఒక పాఠంలో చెబుతాం. శ్వాసక్రియ మరెప్పుడో, ఇంకో పాఠంలో చెబుతాం. పిల్లలకి ఆ రెంటికీ సంబంధం ఉందనే అనిపించదు. ఇన్నేళ్లు చెప్పాక ఇప్పుడు నాకు అనుమానం వస్తోంది, ఆ రెండూ అసలు ఒకే పాఠమేమోనని.

పొరలోపల

మాష్టారూ, ముందు ఆ అమ్మాయికి నా అభినందనలు చెప్పండి. 1950లలో ఈ రంగంలో ఉన్న పెద్దపెద్దవాళ్లంతా కొట్టుకున్నది సరిగ్గా ఆ ప్రశ్న మీదే. వాళ్లలో చాలామంది ఆ అమ్మాయిలాగే ఆలోచించారు. పొర ఊరికే ఆధారం, అసలు పని ఏదో ఒక రసాయన మధ్యస్థం చేస్తుంది, ఎలక్ట్రాన్ల శక్తిని పట్టుకుని ఫాస్ఫేట్‌కి అందించే పదార్థం ఒకటి ఉండే తీరుతుంది అనుకున్నారు. గ్లైకాలసిస్‌లో అలాంటివి ఉన్నాయి కనుక ఇక్కడా ఉంటాయని నమ్మకం. ఏళ్ల తరబడి వెతికారు. దొరకలేదు.

1961లో పీటర్ మిచెల్ అనే బ్రిటిష్ జీవరసాయన శాస్త్రవేత్త చెప్పింది ఏమిటంటే, ఆ మధ్యస్థం ఒక పదార్థం కాదు, పొరకి ఈ పక్కకీ ఆ పక్కకీ ఉన్న తేడాయే ఆ మధ్యస్థం అని. ఎలక్ట్రాన్లు సంక్లిష్టం నుంచి సంక్లిష్టానికి దిగుతున్నప్పుడు వచ్చే శక్తితో ప్రోటాన్లు బయటికి నెట్టబడతాయి. అవి తిరిగి లోపలికి రావడానికి పొర దారి ఇవ్వదు. ఒక్క ఏటీపీ సింథేజ్ గుండానే రావాలి. అలా వచ్చేటప్పుడు దాన్ని తిప్పుతూ వస్తాయి.

కనుక ఆ అమ్మాయి చెప్పినట్టు అన్నీ నీళ్లలో కలిపేస్తే ఎలక్ట్రాన్లు ఆక్సిజన్‌కి చేరతాయి, నీరు ఏర్పడుతుంది, కానీ శక్తి అంతా వేడిగా పోతుంది. "లోపల", "బయట" అన్న మాటలకే అర్థం ఉండదు. తేడా నిలబడేది పొర ఉంటేనే.

మిచెల్‌ని చాలాకాలం ఎవరూ నమ్మలేదు. ఆయన విశ్వవిద్యాలయం వదిలి, ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌లో ఒక పాత భవనాన్ని బాగుచేయించి, అక్కడ జెనిఫర్ మాయిల్‌తో కలిసి ప్రయోగాలు చేశారు. 1978లో రసాయన శాస్త్రంలో నోబెల్ ఆయన ఒక్కరికే వచ్చింది.

కొత్త విద్యార్థిని

నమస్తే అండీ, నేను ఇక్కడ కొత్త. చాలా బాగా చెప్పారు. కానీ "నమ్మలేదు, తర్వాత నమ్మారు" అంటే మధ్యలో ఏదో ఋజువు దొరికి ఉండాలి కదా? ప్రోటాన్ల తేడా ఒక్కటే చాలు, ఎలక్ట్రాన్లు కూడా అక్కర్లేదు అని ఎవరైనా చూపించారా?

పొరలోపల

చూపించారమ్మా. నాకు బాగా ఇష్టమైన రెండు ప్రయోగాలు ఉన్నాయి.

మొదటిది 1966లో, ఆండ్రే యాగెన్‌డార్ఫ్, ఎర్నెస్ట్ యూరీబ్ చేసింది. హరితరేణువుల్లోని థైలకాయిడ్ పొరల్ని తీసుకుని, చీకట్లో, పీహెచ్ 4 ఉన్న ఆమ్ల ద్రావణంలో నానబెట్టారు. లోపల కూడా ఆమ్లం నిండింది. తర్వాత వాటిని ఒక్కసారిగా పీహెచ్ 8 ఉన్న ద్రావణంలోకి మార్చారు, అందులో ఏడీపీ (ఏటీపీకి ఒక ఫాస్ఫేట్ తక్కువైన రూపం), ఫాస్ఫేట్ కలిపి. ఇప్పుడు లోపల ఆమ్లం, బయట క్షారం. వెలుతురు లేదు, ఎలక్ట్రాన్ రవాణా లేదు. అయినా ఏటీపీ తయారైంది! తేడా సమం కాగానే ఆగిపోయింది.

రెండోది 1974లో రాకర్, స్టోకీనియస్ చేసింది. కొవ్వు పదార్థంతో చిన్న చిన్న బుడగలు తయారుచేసి, వాటి పొరలో రెండే రెండు ప్రోటీన్లు పెట్టారు. ఒకటి ఉప్పునీటి సూక్ష్మజీవి నుంచి తీసిన ఊదారంగు ప్రోటీన్, వెలుతురు పడితే ప్రోటాన్లని తోస్తుంది. రెండోది ఎద్దు గుండెలోని మైటోకాండ్రియా నుంచి తీసిన ఏటీపీ సింథేజ్. సృష్టిలో ఈ రెండూ ఎప్పుడూ ఒకదాన్నొకటి చూసి ఉండవు. దీపం వేశారు, ఏటీపీ వచ్చింది. ఆ రెంటికీ మధ్య ఉన్న సంబంధం ఆ బుడగ పొర ఒక్కటే.

మాష్టారూ, మీ క్లాసులో ఆ అమ్మాయికి ఈ రెండో ప్రయోగం చెప్పండి. బుడగకి చిల్లు పడితే ఏమవుతుందని మీరే అడగండి. జవాబు తనే చెబుతుంది.

లెక్కల తమ్ముడు

నేను బయాలజీ వాణ్ణి కాదు, ఎలక్ట్రికల్ ఇంజినీర్ని. ఆసక్తితో చదువుతున్నాను. దీన్ని ఆనకట్టతో పోల్చవచ్చు కదా? పైన నీళ్లు నింపి, కింద టర్బైన్ తిప్పినట్టు. పొర ఆనకట్ట, ప్రోటాన్లు నీళ్లు.

ఇంకో చిన్న లెక్క వేశాను. లోపలి త్వచానికి అటూఇటూ సుమారు 150 మిల్లీవోల్టులు ఉంటుందని చదివాను. విడిగా చూస్తే చాలా తక్కువ. కానీ పొర మందం 5 నానోమీటర్లే. భాగిస్తే మీటరుకి 3 కోట్ల వోల్టులు! మామూలు గాలి మీటరుకి సుమారు 30 లక్షల వోల్టుల దగ్గరే తట్టుకోలేక నిప్పురవ్వ వదులుతుంది. దానికి పదింతలు ఈ పల్చటి కొవ్వు పొర మోస్తోంది, మన ఒంట్లో, ప్రతి క్షణం. ఈ అంకె చూశాక కాసేపు కుర్చీలోంచి లేవలేదు.

పొరలోపల

తమ్ముడూ, మీ లెక్క సరైనదే. ఆనకట్ట పోలిక మాత్రం సగం దూరమే తీసుకెళుతుంది. దాని వల్ల ఒక పెద్ద అపోహ వస్తుంది కనుక చెబుతున్నాను.

ఆనకట్ట అనగానే ఒక పక్క బోలెడు నీళ్లు, ఇంకో పక్క కొంచెం అనుకుంటాం. మైటోకాండ్రియా లోపలి గదిలో పీహెచ్ 8కి దగ్గరగా ఉంటుంది. ఒక చిన్న మైటోకాండ్రియా లోపలి ఘనపరిమాణం ఒక ఫెమ్టోలీటరు (లీటరులో పది కోట్ల కోట్లవ వంతు) కన్నా తక్కువ. ఆ పీహెచ్ దగ్గర అంత చిన్న చోట స్వేచ్ఛగా ఉండే ప్రోటాన్లు ఎన్నో మీరే లెక్కేయండి.

లెక్కల తమ్ముడు

వేశాను. లీటరుకి 10 కోట్లలో ఒక మోల్, దాన్ని అవొగాడ్రో సంఖ్యతో గుణించి, ఫెమ్టోలీటరుకి తెస్తే... ఆరు. ఆరే ఆరు ప్రోటాన్లు? ఎక్కడో తప్పు చేశానా?

పొరలోపల

తప్పు చేయలేదు. ఒక్కో క్షణంలో స్వేచ్ఛగా ఉండేవి అన్నే. మిగతావన్నీ ప్రోటీన్లకీ ఫాస్ఫేట్లకీ అంటుకుని ఉండి, ఒకటి పోతే ఇంకోటి ఊడి వస్తుంటుంది. కనుక అక్కడ నీళ్ల చెరువులాంటిదేమీ లేదు. అసలు బలం ఎక్కువ భాగం విద్యుదావేశంలో ఉంది. ప్రోటాన్లని తోసే మొత్తం బలం 180 నుంచి 200 మిల్లీవోల్టులు అనుకుంటే, అందులో 150 దాకా ఆవేశపు తేడా వల్లే. పీహెచ్ తేడా వల్ల వచ్చేది మిగతా కొంచెం. హరితరేణువుల్లో ఇది తిరగబడుతుంది, అక్కడ పీహెచ్ తేడాదే పెద్ద వాటా. మీరు ఎలక్ట్రికల్ కదా, మైటోకాండ్రియా పొరని ఆనకట్ట అనడం కన్నా కెపాసిటర్ అనుకోండి.

రసాయనప్రియ

చర్చ చాలా బాగా సాగుతోంది. ఒక్క మాట సవరించాలి. పైన ఎక్కడా అనలేదు కానీ పాఠాల్లో అందరం అంటాం, "ఏటీపీలోని ఫాస్ఫేట్ బంధం తెగితే శక్తి విడుదలవుతుంది" అని. ఏ బంధమైనా తెంచాలంటే శక్తి పెట్టాలి, తెగితే రాదు. ఏటీపీ నీటితో చర్య జరిపి ఏడీపీ, ఫాస్ఫేట్ అయినప్పుడు, కొత్తగా ఏర్పడిన పదార్థాలు మరింత స్థిరంగా ఉంటాయి. ఆ మొత్తం తేడా మనకి దక్కుతుంది. ప్రామాణిక పరిస్థితుల్లో అది మోల్‌కి 30.5 కిలోజౌళ్లు. కణంలో సుమారు 50 వస్తుంది.

ఆ 30కీ 50కీ మధ్య తేడా ఎక్కడిది? ఏటీపీ అదే, బంధమూ అదే. కణం ఏటీపీని ఎక్కువగా, ఏడీపీని చాలా తక్కువగా ఉంచుతుంది. సమతాస్థితికి బహుదూరంలో నిలబెడుతుంది. శక్తి ఉన్నది ఆ దూరంలో. అన్నీ సమతాస్థితికి వస్తే గదినిండా ఏటీపీ ఉన్నా చీమ కాలు కదలదు. పొర విషయంలో పొరలోపలగారు చెప్పింది కూడా సరిగ్గా ఇదే అని నాకు ఇప్పుడు తోస్తోంది.

బయాలజీ మాష్టారు

రసాయనప్రియగారూ, "అధిక శక్తి బంధం" అని ఇన్నేళ్లుగా నేనూ బోర్డు మీద రాస్తూనే ఉన్నాను. రేపటి నుంచి మానేస్తాను. ధన్యవాదాలు.

ఏటీపీ మాట వచ్చింది కనుక ఒక్క విషయం చెప్పకుండా ఉండలేను. 1929లో దాన్ని కనుక్కున్నవాళ్లలో మన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేసేవారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ విడిగా కనుక్కున్నారు. అంతకు ముందు 1925లో ఫిస్కే, సుబ్బారావు ఇద్దరూ రక్తంలో, కణజాలంలో ఫాస్ఫరస్ ఎంతుందో రంగు ద్వారా కొలిచే పద్ధతి తయారుచేశారు. ఆ పద్ధతి లేకపోతే కండరంలో ఏ ఫాస్ఫేట్ ఎక్కడుందో పట్టుకోవడం కుదిరేది కాదు. పిల్లలకి ఏటీపీ పేరు చెప్పిన రోజునే ఆ పేరూ చెబుతాను నేను.

సరే, నా రెండో ప్రశ్నకి వద్దాం. రవాణా పాఠానికీ దీనికీ సంబంధం?

వార్డు డాక్టర్

అది నేను చెబుతాను మాష్టారూ, ఎందుకంటే మాకు రోజూ కనిపించేది ఆ సంబంధమే.

కణం సంపాదించిన ఏటీపీ ఎక్కడ ఖర్చవుతుంది అంటే అందరూ కండరాలు అంటారు. కదలకుండా పడుకున్న మనిషి ఒంట్లో ఏటీపీలో అయిదో వంతు, అంతకన్నా కొంచెం ఎక్కువే, ఒకే ఒక యంత్రం తింటుంది. సోడియం పొటాషియం పంపు. ప్రతి కణత్వచం మీదా ఉంటుంది. ఒక ఏటీపీ ఖర్చుపెట్టి మూడు సోడియం అయాన్లని బయటికి పంపి, రెండు పొటాషియం అయాన్లని లోపలికి తెస్తుంది. మెదడులో అయితే దీని వాటా ఇంకా ఎక్కువ.

ఇది ఆగితే ఏమవుతుందో చూడాలంటే నిల్వ ఉంచిన రక్తం సంచీని చూడాలి. చల్లదనంలో పంపు మందగిస్తుంది. ఎర్రకణాల్లోని పొటాషియం మెల్లగా బయటికి కారుతుంది. సంచీ పాతబడే కొద్దీ పైనున్న ప్లాస్మాలో పొటాషియం పెరుగుతూ పోతుంది. నవజాత శిశువులకి పెద్ద మొత్తంలో రక్తం ఎక్కించాల్సి వస్తే తాజా రక్తం కోసం చూసేది ఇందుకే. కణం పొర చెక్కుచెదరలేదు, కణం చనిపోలేదు, పంపు నెమ్మదించింది, అంతే. ఆ తేడా తనంతట తను నిలబడదు. ప్రతి క్షణం ఎవరో ఒకరు ఖర్చుపెట్టి నిలబెట్టాలి.

కొత్త విద్యార్థిని

డాక్టరుగారూ, ఇక్కడే నాకో సందేహం. చిన్నపేగులో గ్లూకోజ్ లోపలికి వెళ్లేది సక్రియ రవాణా అని చదువుకున్నాం. సక్రియ రవాణా అంటే ఏటీపీ వాడాలి. కానీ ఆ రవాణా చేసే ప్రోటీన్ బొమ్మ చూస్తే ఎక్కడా ఏటీపీ లేదు. సోడియం, గ్లూకోజ్ రెండూ కలిసి లోపలికి వస్తున్నాయి, అంతే. పుస్తకంలో అచ్చుతప్పా?

వార్డు డాక్టర్

అచ్చుతప్పు కాదు తల్లీ. నువ్వు చూసింది సరైనదే. ఆ తలుపు దగ్గర ఏటీపీ ఖర్చు కాదు. ఖర్చు వేరే చోట ముందే జరిగిపోయింది. కణానికి రెండో వైపున, రక్తం వైపున ఉన్న పంపు సోడియంని తోసేసి కణం లోపల సోడియం తక్కువగా ఉంచింది. పేగు వైపున సోడియం లోపలికి రావాలని తహతహలాడుతోంది. ఆ తలుపు దాన్ని ఒంటరిగా రానివ్వదు, గ్లూకోజ్‌ని వెంటబెట్టుకుని రావాలి. రెండు సోడియం అయాన్లకి ఒక గ్లూకోజ్. అందుకే దీన్ని ద్వితీయ సక్రియ రవాణా అంటాం. లోపల చేరిన గ్లూకోజ్ రక్తంలోకి పోయేటప్పుడు మాత్రం ఇంకో తలుపు గుండా, ఖర్చు లేకుండా, ఎక్కువ ఉన్న చోటి నుంచి తక్కువ ఉన్న చోటికి జారిపోతుంది. దాన్ని సులభతర విసరణ అంటారు.

ఈ సంగతిని రాబర్ట్ క్రేన్ 1960లో ప్రాగ్‌లో జరిగిన ఒక సదస్సులో చెప్పారు. అప్పటికి అది కేవలం పేగు కణం గురించిన ఆలోచన. కానీ దాని మీద నిలబడ్డ వైద్యం కోట్ల మంది పిల్లల్ని బతికించింది. కలరా విషం పేగు కణాల్లోంచి క్లోరైడ్‌ని ఆగకుండా బయటికి వదిలిస్తుంది, వెంట నీరు పోతుంది. వట్టి ఉప్పునీళ్లు తాగిస్తే ఇంకిపోదు. వట్టి నీళ్లు తాగిస్తే నిలవదు. కానీ ఆ విషం సోడియం గ్లూకోజ్ తలుపుని మూయలేదు! ఉప్పు, గ్లూకోజ్ కలిపి తాగిస్తే రెండూ ఆ తలుపులోంచి లోపలికి పోతాయి, వాటి వెనకే నీరు వస్తుంది. ఓఆర్‌ఎస్ అంటే ఇంతే. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ వాడమనే ద్రావణంలో లీటరుకి సోడియం 75 మిల్లీమోల్స్, గ్లూకోజ్ కూడా సరిగ్గా 75.

ఇది కలిపే ప్రతిసారీ నాకు ఆ తలుపే గుర్తొస్తుంది. విద్యార్థులకి రవాణా పాఠం చెప్పేటప్పుడు దయచేసి దీన్ని వదిలేయకండి.

కొత్త విద్యార్థిని

అంటే సోడియం తేడా కూడా మైటోకాండ్రియాలో ప్రోటాన్ల తేడా లాంటిదే! అక్కడ ఎలక్ట్రాన్ల శక్తితో ప్రోటాన్ల తేడా, దానితో ఏటీపీ. ఇక్కడ ఏటీపీతో సోడియం తేడా, దానితో గ్లూకోజ్. ఒక పొర సంపాదిస్తుంది, ఇంకో పొర ఖర్చుపెడుతుంది.

పొరలోపల

అంతే. 1997 రసాయన నోబెల్ చూడు. సగం పాల్ బోయర్‌కీ జాన్ వాకర్‌కీ, ఏటీపీ సింథేజ్ ఎలా పనిచేస్తుందో చూపినందుకు. మిగతా సగం యెన్స్ స్కౌకి, సోడియం పొటాషియం పంపు కనుక్కున్నందుకు. స్కౌ దాన్ని డెన్మార్క్‌లో పీత కాళ్ల నాడుల్లో కనుక్కుని 1957లో ప్రచురించారు. నలభై ఏళ్లు ఆగారు. తయారుచేసే యంత్రానికీ ఖర్చుచేసే యంత్రానికీ ఒకే ఏడాది ఒకే బహుమతి ఇచ్చారు.

బోయర్ చెప్పినదాంట్లో ఒక వింత ఉంది. ఏడీపీ, ఫాస్ఫేట్ కలిసి ఏటీపీ కావడానికి ఆ ఎంజైమ్ లోపల దాదాపు శక్తే అక్కర్లేదు. తయారైన ఏటీపీని ఎంజైమ్ గట్టిగా పట్టుకుంటుంది. ప్రోటాన్ల ప్రవాహం తిప్పే తిప్పుడంతా ఆ పట్టు వదిలించడానికే. అది నిజంగా తిరుగుతుందని 1997లోనే జపాన్‌లో కంటితో చూశారు. మధ్య ఇరుసుకి మెరిసే ఒక సన్నని ఆక్టిన్ తంతువుని అతికించి సూక్ష్మదర్శినిలో పెట్టి, ఏటీపీ ఇచ్చి వెనక్కి నడిపిస్తే, తంతువు గిరగిరా తిరిగింది, ఎప్పుడూ ఒకే దిక్కులో.

బయాలజీ మాష్టారు

ఇంకో పాత తగువు. ఒక గ్లూకోజ్‌కి 38 ఏటీపీలా, 36ఆ, 32ఆ, 30ఆ? నా దగ్గరున్న నాలుగు పుస్తకాల్లో నాలుగు రకాలుగా ఉంది. పిల్లలు పరీక్షలో ఏది రాయాలని అడుగుతారు.

లెక్కల తమ్ముడు

ఇంజినీరుగా చూస్తే 38 నుంచి 30 అంటే పెద్ద తేడా. ఎనిమిది ఏటీపీలు ఎక్కడికి పోయాయి?

రసాయనప్రియ

పరీక్షలో వాళ్ల పుస్తకంలో ఉన్నది రాయాలి. నిజం మాత్రం 30 నుంచి 32 మధ్య. ఆ ఎనిమిది ఎక్కడికి పోయాయన్న ప్రశ్నలోనే ఈ చర్చ మొత్తం ఉంది తమ్ముడూ.

పాత లెక్కలో, ఎలక్ట్రాన్లని పొర దగ్గరికి మోసుకొచ్చే రెండు రకాల అణువుల్లో, ఒక ఎన్‌ఏడీహెచ్‌కి 3, ఒక ఎఫ్‌ఏడీహెచ్2కి 2 అనుకున్నారు. రసాయన మధ్యస్థం ఉంటుందనుకున్న రోజుల అంకెలు అవి. రసాయన చర్య అయితే పూర్ణాంకాలే రావాలి కదా. మిచెల్ చెప్పిన పద్ధతిలో పూర్ణాంకం రావాల్సిన అవసరం లేదు. ఒక ఎన్‌ఏడీహెచ్‌తో సుమారు 10 ప్రోటాన్లు బయటికి పోతాయి. ఒక ఏటీపీ తయారై వాడుకకి రావడానికి సుమారు 4 ప్రోటాన్లు కావాలి. 10ని 4తో భాగిస్తే 2.5. ఎఫ్‌ఏడీహెచ్2కి 6ని 4తో భాగిస్తే 1.5.

ఇప్పుడు ఆ నాలుగో ప్రోటాన్ చూడండి. యంత్రం తిరగడానికి మూడు, కాస్త తక్కువే, చాలు. జంతువుల ఏటీపీ సింథేజ్‌లో తిరిగే వలయంలో 8 ముక్కలుంటాయి. 8 ప్రోటాన్లకి ఒక చుట్టు, చుట్టుకి 3 ఏటీపీలు. అంటే ఒక్కోదానికి 2.7. మిగతా ఒక్క ప్రోటాన్ రవాణా ఖర్చు! ఫాస్ఫేట్ లోపలికి రావాలి, ఏడీపీ లోపలికి రావాలి, తయారైన ఏటీపీ బయటికి పోవాలి. లోపలి త్వచం వీటిలో దేన్నీ ఊరికే వదలదు. ఏటీపీకి నాలుగు ఋణావేశాలు, ఏడీపీకి మూడు. ఒకటి బయటికి, ఒకటి లోపలికి మార్చుకున్నప్పుడల్లా ఒక ఆవేశం నష్టం. ఫాస్ఫేట్ తనతో ఒక ప్రోటాన్‌ని తెస్తుంది. రెండూ కలిపి ఒక ప్రోటాన్ లోపలికి వచ్చినట్టే లెక్క.

30కీ 32కీ తేడా కూడా పొర వల్లే. గ్లైకాలసిస్‌లో వచ్చిన రెండు ఎన్‌ఏడీహెచ్‌లు లోపలి త్వచం దాటలేవు. వాటి ఎలక్ట్రాన్లని ఇంకొకరు మోయాలి. మాలేట్ దారిలో పోతే నష్టం లేదు, 32. గ్లిసరాల్ ఫాస్ఫేట్ దారిలో పోతే ఒక్కోదానికి ఒకటి తగ్గి, 30.

మాష్టారూ, 38 అన్నది పొర ఏ సుంకమూ వసూలు చేయదనుకున్నప్పటి అంకె.

లెక్కల తమ్ముడు

ఆహా. ఇది చదివాక ఇంకో లెక్క వేయకుండా ఉండలేకపోయాను. విశ్రాంతిలో ఉన్న మనిషి నిమిషానికి సుమారు 250 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడతాడు. రోజుకి 360 లీటర్లు. సుమారు 15 మోల్స్. ఒక ఆక్సిజన్ అణువుకి 5 ఏటీపీలు అనుకుంటే 75 మోల్స్. ఏటీపీ అణుభారం 507. మొత్తం 38 కిలోలు! ఒంట్లో ఒక్కసారికి ఉండే ఏటీపీ మహా అయితే వంద గ్రాముల లెక్కలో ఉంటుందట. అంటే ప్రతి అణువూ రోజుకి కొన్ని వందల సార్లు విరిగి మళ్లీ తయారవుతోంది.

పొరలోపల

లెక్క బాగుంది, కొంచెం తగ్గించుకోండి. పొర పూర్తిగా బిగువైనది కాదు. విశ్రాంతిలో వాడే ఆక్సిజన్‌లో కొంత, సుమారు అయిదో వంతు, ఏటీపీ చేయకుండానే కారిపోయే ప్రోటాన్ల వెనక ఖర్చవుతుంది. 30 కిలోలు అనుకోండి.

ఆ కారడం ఎప్పుడూ నష్టమే కాదు. పసిపిల్లల వీపున, మెడ దగ్గర ఉండే గోధుమరంగు కొవ్వులో యూసీపీ1 అనే ప్రోటీన్ కావాలనే ప్రోటాన్లకి దారి తెరుస్తుంది. ఏటీపీ రాదు, వేడి వస్తుంది. వణకడం సరిగా రాని పసికందుకి అదే వెచ్చదనం.

వార్డు డాక్టర్

అదే పని మందుతో చేయబోయి ప్రాణాలు పోయాయి. డైనైట్రోఫినాల్. కొవ్వులో కరుగుతుంది, ప్రోటాన్‌ని పట్టుకుని పొర దాటించేస్తుంది. 1930లలో అమెరికాలో బరువు తగ్గడానికి ఇచ్చారు. బరువు నిజంగానే తగ్గేది. కానీ మోతాదు కాస్త మించితే ఒంట్లో వేడి ఆగేది కాదు. జ్వరం మందులు పనిచేయవు, ఎందుకంటే అది మెదడు పెంచిన జ్వరం కాదు, ప్రతి కణంలోనూ పుడుతున్న వేడి. 1938 నాటికి మనుషులకి వాడకూడదని తేల్చారు. ఇప్పటికీ ఇంటర్నెట్‌లో కొని మింగేవాళ్లు ఉన్నారు. విరుగుడు లేదు. ఈ చర్చ చదివే యువకులెవరైనా ఉంటే దయచేసి దాని జోలికి పోకండి.

కొత్త విద్యార్థిని

ఇంత చిన్న ప్రోటాన్ కూడా కారకూడదంటే, నీళ్లు పోయే దారుల్లోంచి కారదా? ఆక్వాపోరిన్లలో నీరు వరసగా పోతుంది కదా, నీటి అణువుల వరసలో ప్రోటాన్ చేతులు మారుతూ పరుగెడుతుందని రసాయన శాస్త్రంలో చదివాను.

పొరలోపల

ఎంత మంచి ప్రశ్న! పీటర్ ఆగ్రే 1992లో ఆక్వాపోరిన్‌ని గుర్తించాక ముందుగా వచ్చిన ప్రశ్నల్లో ఇదొకటి. ఒక్క దారిలోంచి సెకనుకి 300 కోట్ల దాకా నీటి అణువులు పోతాయి, ప్రోటాన్ ఒక్కటీ పోదు. దారి మధ్యలో ధనావేశం ఉన్న భాగం ఒకటుంది. అక్కడికి రాగానే నీటి అణువు దిక్కు మార్చుకుంటుంది, వరస తెగుతుంది. చేతులు మారడానికి పక్కన చెయ్యి ఉండదు. పైగా ఆ ధనావేశమే ప్రోటాన్‌ని వెనక్కి నెడుతుంది. నీటికి దారి ఇస్తూనే తేడాని కాపాడే ఏర్పాటు. ఆయనకి 2003లో నోబెల్ వచ్చింది, పొటాషియం దారి నిర్మాణం చూపిన రోడరిక్ మెకినన్‌తో కలిపి.

బయాలజీ మాష్టారు

ఈరోజు క్లాసులో చెప్పి వచ్చాను. దీపం వేస్తే ఏటీపీ చేసే బుడగ బొమ్మ గీసి, "బుడగకి చిల్లు పడితే?" అని అడిగాను. ఆ అమ్మాయి వెంటనే, "రెండు పక్కలా ఒకటే అయిపోతుంది, ఇక తోయడానికి ఏముంటుంది సార్" అంది. మిగతా పిల్లలకీ అందింది. తర్వాత సోడియం పంపు, పేగులో గ్లూకోజ్ తలుపు, అన్నీ ఒకే బోర్డు మీద గీశాను. సమయం చాలలేదు, సగం పాఠం రేపటికి ఉంది.

కానీ బయటికి వస్తుంటే ఇంకోటి అడిగింది. "బాక్టీరియాకి మైటోకాండ్రియా లేదు కదా సార్. దానికి ఏ పొర?" దాని కణత్వచమే అని చెప్పాను. సరిపోతుందా, ఇంకేమైనా చేర్చాలా?

పొరలోపల

సరిపోతుంది మాష్టారూ. ఎలక్ట్రాన్ రవాణా, ఏటీపీ సింథేజ్ అన్నీ దాని కణత్వచంలోనే ఉంటాయి. ప్రోటాన్లు కణం బయటికే పోతాయి. మైటోకాండ్రియా ఒకప్పుడు విడిగా బతికిన బాక్టీరియా నుంచే వచ్చింది కనుక, దాని లోపలి త్వచం ఆ పాత బాక్టీరియా త్వచమే అనుకోవచ్చు.

ఒక్కటి చేర్చండి. బాక్టీరియా అన్నిటికీ ఏటీపీ దాకా ఆగదు. ఈ.కోలై లాక్టోజ్‌ని లోపలికి తెచ్చుకునేటప్పుడు ఒక్కో లాక్టోజ్‌తో ఒక ప్రోటాన్‌ని నేరుగా రానిస్తుంది. ఈదడానికి వాడే కశాభాన్ని తిప్పే మోటారు కూడా ఏటీపీతో నడవదు, పొర దాటి లోపలికి వచ్చే ప్రోటాన్లతోనే తిరుగుతుంది. సముద్రంలో ఉండే కొన్ని విబ్రియో బాక్టీరియాలు అదే మోటారుని సోడియంతో తిప్పుతాయి.

రేపు ఆ అమ్మాయి ఏమందో రాయండి.